మరుగునీటిలో మనుగడ

వేడి సూక్ష్మజీవులకు శత్రువని మనము చిన్ననాటి నుండి నేర్చిన పాఠము. పాలు విరిగిపోకుండవలెనన్న పొంగు వచ్చువరకు కాచుదుము. ఊరగాయ జాడీని కడిగి యెండబెట్టుదుము. కృష్ణకు వరద వచ్చినను, దివిసీమను ఉప్పెన ముంచినను, ఆ వెంటనే వీథి వీథిని వినిపించు మొదటి హెచ్చరిక "నీరు కాచి చల్లార్చి త్రాగుడు" అనునదియే. ఆసుపత్రులలో శస్త్రములను ఆవిరిలో నుడికించుటయు ఈ పాఠముయొక్క విస్తరణమే. ఫ్రాన్సు దేశీయుడగు లూయీ పాస్టరు పందొమ్మిదవ శతాబ్దమున ఈ సత్యమును ప్రయోగపూర్వకముగ స్థాపించెను. లోకము ఆయనకు ఎంత ఋణపడియున్నదో వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే ప్రకృతి మన పాఠ్యగ్రంథములకు లోబడి నడచునది కాదు. నేల లోతులనుండి పొగలు గ్రక్కుచు పైకుబుకు ఉష్ణగుండములలో, వ్రేలు పెట్టిన బొబ్బలెక్కు నీటిలో, లెక్కకు మిక్కిలియైన సూక్ష్మజీవులు పుట్టి పెరిగి సంతానవృద్ధి చేసికొనుచున్నవి. వేడిని సహించుట మాత్రమే కాదు, వేడి లేనిదే అవి పెరుగనేలేవు. మన శరీరమునకు సహజమైన 37 డిగ్రీల వేడి వానిలో పెక్కింటికి గడ్డకట్టించు చలి వంటిది. వీనిని శాస్త్రజ్ఞులు థర్మోఫైల్సు అందురు. మనము ఉష్ణప్రియ జీవులని పిలుచుకొందము. ఈ వ్యాసమున డిగ్రీలన్నచో సెంటీగ్రేడు డిగ్రీలనియే గ్రహింపవలెను.

సూక్ష్మజీవులను వానికి ఇష్టమైన వేడినిబట్టి తరగతులుగ విభజించుట శాస్త్రజ్ఞుల వాడుక. 15 డిగ్రీలకు లోపల సుఖించునవి శీతప్రియములు. 20 మొదలు 45 వరకు పెరుగునవి మధ్యమములు. మన దేహములందు, చెరువులందు, పెరుగు ముంతలందు నుండునవి ఈ తరగతివే. 45కు పైన పెరుగునవి ఉష్ణప్రియములు. 80 డిగ్రీలకు మించిన వేడినే కోరునవి అత్యుష్ణప్రియములు. వైశాఖమాసపు మధ్యాహ్నమున గుడివాడ వీథులలో మనము సొమ్మసిల్లు వేడి ఎక్కడ ముగియునో, అచ్చటనే ఈ జీవుల ప్రభాతము ప్రారంభమగును.

విహారయాత్రలో దొరికిన ప్రశ్న

ఈ లోకమును మనకు చూపినవారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశీయుడగు థామస్ బ్రాక్. ఆయన 1964లో ఎల్లోస్టోన్ జాతీయోద్యానమును యాత్రికునివలె చూడబోయెను. అచటి ఉష్ణగుండములనుండి పారు కాలువలలో, మూలమునుండి దూరమైనకొలది నీరు చల్లబడుచుండగా, ఒక్కొక్క వేడికి ఒక్కొక్క రంగు పట్టీవలె పరచుకొనియుండుట ఆయన కంటబడెను. ఆ రంగులు రాళ్లవి కావు, జీవులవి. కిరణజన్యసంయోగము గావించు జీవులు సుమారు 73 డిగ్రీల వరకు వ్యాపించి అచట ఆగిపోయినవి. కాని అంతకన్న వేడిగానున్న ఊట మూలముల చెంత, 80 డిగ్రీలు దాటిన నీటిలో, గులాబివన్నె దారములవంటివి వ్రేలాడుచుండెను. అవియు జీవులేనా? జీవులైనచో ఏమి తిని బ్రతుకుచున్నవి? చూచినవారు వేలకొలది, ఆగి ప్రశ్నించినవాడు ఆయన.

ఆ ప్రశ్న బ్రాకును పది వేసవులు ఎల్లోస్టోనుకు రప్పించెను. 1966లో ఆయనయు, హడ్సన్ ఫ్రీజ్ అను ఆయన శిష్యుడును మష్రూమ్ స్ప్రింగ్ అను గుండమునుండి తెచ్చిన నీటిలో పసుపువన్నెగల ఒక క్రొత్త బాక్టీరియమును పెంచగలిగిరి. ఫ్రీజ్ అప్పటికి పట్టము కూడ పుచ్చుకొనని కళాశాల విద్యార్థి! 1969లో వారిరువురు దానికి థర్మస్ అక్వాటికస్ అని నామకరణము చేసి లోకమునకు ప్రకటించిరి. 70 డిగ్రీల యొద్ద అది చక్కగ పెరుగును. 79 వరకు ఓర్చుకొనును. బ్రాక్ దాని విత్తును అమెరికాలోని సూక్ష్మజీవ భాండాగారమునకు సమర్పించెను. కోరినవారెవరైనను అచటినుండి తెప్పించుకొనవచ్చును. దానివలన ధనము గడింపవచ్చునన్న తలంపు ఆయనకు లేదు. అడవిలోని పువ్వునకు పేరుపెట్టినట్లు పెట్టి ఊరకుండెను.

ముక్కుచీమిడిలో దాగిన రహస్యము

ఆ పసుపు పురుగువలన మనకేమి ప్రయోజనమని అడుగువారికి 2020వ సంవత్సరమును జ్ఞప్తికి తెచ్చుకొనుడని చెప్పవలెను. కరోనా వ్యాధి దేశమంతట వ్యాపించినపుడు బందరులో నేమి, అవనిగడ్డలో నేమి, ముక్కులో దూదిపుల్ల పెట్టించుకొనని కుటుంబము అరుదు. ఆ దూదిపుల్లను పరీక్షించిన పద్ధతియే పి.సి.ఆర్. అందు పనిచేసిన ముఖ్యద్రవ్యము మొదట లభించినది ఈ థర్మస్ అక్వాటికస్ నుండియే.

ఇది ఎట్లనగా: ప్రతి జీవికిని వంశలిపి వంటిది డి.ఎన్.ఏ. రెండు పేటలు పెనవేసిన త్రాడువలె నుండును. ఒక చిన్న తునకను పరీక్షకు చాలునంతగ పెంచవలెనన్నచో, మొదట సుమారు 95 డిగ్రీలకు వేడిచేసి పేటలు విడదీయవలెను. తరువాత కొంత చల్లార్చి, ఒక్కొక్క పేటకు జతపేటను ఎంజైము చేత అల్లించవలెను. ఒక ఆవృత్తికి ఒకటి రెండగును. మరల రెండు నాలుగగును. 30 ఆవృత్తులైనపుడు ఒక్క ప్రతి నూరుకోట్లను దాటును. ఈ ఉపాయమును 1983లో కాలిఫోర్నియాలోని సీటస్ సంస్థలో పనిచేయుచున్న కేరీ మల్లిస్ ఊహించెను.

ఉపాయము గొప్పదే కాని ఆచరణలో ఒక చిక్కు ఏర్పడెను. అప్పటి ఎంజైము సాధారణ బాక్టీరియమునుండి తీసినది. 95 డిగ్రీల వేడికి ఉడికిన గ్రుడ్డుసొనవలె చెడిపోవుచుండెను. ప్రతి ఆవృత్తియందును క్రొత్త ఎంజైము పోయవలసి వచ్చెను. అపుడు థర్మస్ అక్వాటికస్ ఎంజైము పనికివచ్చెను. టాక్ అను ముద్దుపేరుగల ఆ ఎంజైము 95 డిగ్రీలయందును సుమారు 40 నిమిషములకు గాని సగము శక్తిని కోల్పోదు. ఒక్కసారి పోసిన చాలును. ఆవృత్తులన్నియు ముగియువరకు పనిచేయును. 1989లో సైన్స్ పత్రిక దీనిని ఆ సంవత్సరపు మేటి అణువుగ ఎన్నుకొనెను. 1993లో మల్లిస్ నోబెల్ బహుమానమును పంచుకొనెను. నేడు నేరపరిశోధనయందును, వంశపారంపర్య వ్యాధుల నిర్ణయమునందును, పంట తెగుళ్ల పరీక్షయందును పి.సి.ఆర్. లేనిదే పని సాగదు. ఒక యాత్రికుడు నిలిచి అడిగిన ప్రశ్న, ఇరువదియేండ్ల అనంతరము ఇంతటి ఫలవృక్షమై నిలిచినది.

ఉడుకక నిలుచు గుట్టు

గ్రుడ్డుసొన ఏల గట్టిపడును? అందలి ప్రోటీనుల ముడుతలు వేడికి విడిపోయి, చిక్కుపడిన నూలువలె ఒకదానికొకటి పెనగొనుటచేత. ఉష్ణప్రియ జీవుల ప్రోటీనులును అవే అంశములతో కూర్చబడినవి. భేదము కుట్టుపనిలో నున్నది. వానియందు విద్యుదావేశములచే నేర్పడు బంధములు హెచ్చు. లోపలి యమరిక బిగువు. వదులుగ వ్రేలాడు కొసలు తక్కువ. జీవకణమును కప్పియుండు క్రొవ్వుపొరయు వేడికి కరగిపోని రీతిగ నిర్మితమైనది. అత్యుష్ణప్రియ జీవులలో పెక్కింటికి ఈ పొర రెండు వరుసలుగ గాక, ఆ చివరనుండి ఈ చివరకు ఒకే కుట్టుగ నుండును. డి.ఎన్.ఏ. త్రాడు సడలిపోకుండ మెలిపెట్టు ప్రత్యేకమైన ఎంజైము కూడ వానికి కలదు.

ఈ అత్యుష్ణప్రియములలో అధికభాగము నిజమునకు బాక్టీరియాలే కావు. 1977లో కార్ల్ వోస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ఆకారమున బాక్టీరియాలను పోలినను వంశమున వేరైన ఒక మహాశాఖ కలదని నిరూపించెను. అదియే ఆర్కియా. ఆసుపత్రులలో శస్త్రములను శుద్ధిచేయు ఆవిరిపెట్టెల వేడి 121 డిగ్రీలు. సముద్రగర్భమునందలి వేడియూటనుండి లభించిన ఒక ఆర్కియా సరిగ 121 డిగ్రీలయొద్ద పెరుగుచున్నదని 2003లో ప్రకటింపబడెను! 2008లో జపాను పరిశోధకులు మరియొకదానిని 122 డిగ్రీలయొద్ద పెంచి చూపిరి. సముద్రగర్భమున ఒత్తిడి యధికమగుటచేత ఆ వేడికిని నీరు మరగక ద్రవముగనే యుండును. ఇట్టివి మన శస్త్రములపై వ్రాలునేమోయని భయపడవలసిన పనిలేదు. మన దేహపు వేడి వానికి చాలదు కనుక అవి మనలో పెరిగి రోగము కలిగింపజాలవు.

మన నేలపై ఉష్ణగుండములు

భారతదేశమున ఉష్ణగుండములు మూడువందలకు పైగ కలవు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణశాఖ 1882లోనే వాని పట్టికను ప్రకటించెను. హిమాచల ప్రదేశమున పార్వతీనది యొడ్డునగల మణికరణ్, లడఖ్ లోని పూగా, వంగదేశమునందలి బక్రేశ్వర్, మగధలోని రాజగృహము ప్రసిద్ధములు. మణికరణ్ గుండములో బియ్యము మూటగట్టి వ్రేలాడదీసి అన్నము వండుకొందురు.

తెలుగువారికి మిక్కిలి చేరువైనది భద్రాచలమునకు సుమారు 5 కిలోమీటర్ల దూరమునగల గుండాల. అచట గోదావరి యిసుకను చేతులతో త్రవ్వినంతనే వేడినీరు ఊరును. త్రిమూర్తులు శీతకాలమున అచట స్నానమాడిరని భక్తుల విశ్వాసము. ఆ సమీపముననే మణుగూరు బొగ్గుగనుల ప్రాంతమున పగిడేరు వద్ద భూమిలోనికి దింపిన గొట్టపుబావినుండి వేడినీరు తనంతట పైకి చిమ్మినది. ఆ వేడితో 20 కిలోవాట్ల విద్యుత్తు పుట్టించు ప్రయోగమును సింగరేణి సంస్థ చేపట్టినది. ఆదిలాబాదు సరిహద్దునకు ఆవల మహారాష్ట్రమున ఉన్కేశ్వర్ కలదు. బరంపురం తెలుగువారికి పరిచితమైన తప్తపాని గంజాం జిల్లాలో కలదు.

గోదావరి లోయయందు అగ్నిపర్వతము లేదు గదా, ఈ వేడి ఎచటినుండి వచ్చినదని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. భూమిలోనికి పోయినకొలది కిలోమీటరు ఒక్కింటికి సుమారు 25 మొదలు 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగును. వాననీరు శిలల పగుళ్లగుండ లోతునకు దిగి, వేడెక్కి, మరియొక పగులుగుండ పైకి వచ్చును. గోదావరి లోయ బొగ్గుపొరలను మోసికొని క్రుంగిన ప్రాచీనమైన పల్లము. అందు పగుళ్లకు కొదువలేదు.

మరి మన కృష్ణాడెల్టాయందో? ఇచట వేడియూటలు లేవు. ఒండ్రుమట్టి దళసరి దుప్పటివలె కప్పియున్నది. అయినను ఆ దుప్పటి క్రింద వేడి లేకపోలేదు. నాగాయలంక ప్రాంతమున చమురు, సహజవాయువు కొరకు త్రవ్విన లోతైన బావుల అడుగున కాగులో మరగు నీటిని మించిన వేడి సహజమే. చమురు పొరలు సుమారు 80 డిగ్రీలకు లోబడియున్న చోట్ల వానియందును సూక్ష్మజీవులు నివసించునని లోకమునందు పెక్కుచోట్ల జరిగిన పరిశోధనలు తెల్పుచున్నవి.

ఒక క్రొత్తజీవిని గుర్తించుట ఎట్లు?

కన్నునకు కనబడని ఒక జీవి క్రొత్తదని నిర్ణయించుట సామాన్యము కాదు. పరిశోధకుడు ఊటయొక్క వేడిని, ఆమ్లక్షార గుణమును కొలిచి, నీటిని, అడుగుబురదను చల్లారకుండ ప్లాస్కులలో తెచ్చును. ఊటలో నున్నంత వేడిలోనే వానిని పెంచవలెను. సూక్ష్మజీవులను పెంచుటకు వాడు అగర్ అను ముద్ద 85 డిగ్రీలకు కరగిపోవును. అందుచేత అంతకు మించిన వేడికి జెల్లాన్ అను మరియొక జిగురును వాడుదురు. పళ్లెరముపై లేచిన చుక్కలలో ఒక్కదానిని తీసి మరల గీయుట, అందొక్కటి తీసి మరల గీయుట, ఇట్లు శుద్ధమైన ఒక్క వంశము లభించువరకు సాగవలెను.

పిమ్మట దాని గుణములను పరీక్షింతురు. ఎంత వేడినుండి ఎంత వేడివరకు పెరుగును? ఉప్పును ఎంత సహించును? గాలి కావలెనా? ఏ చక్కెరను తినును? దాని పొరలోని క్రొవ్వులెట్టివి? ఇవన్నియు నమోదుచేసి, దాని వంశలిపిని చదువుదురు. ముఖ్యముగ 16ఎస్ అను జన్యువును. సుమారు 1,500 అక్షరముల పొడవుగల ఈ జన్యువు బాక్టీరియాలన్నింటను, ఆర్కియాలన్నింటను కలదు. వోస్ ఆర్కియాను కనిపెట్టినది దీని ప్రతిలిపులను పోల్చియే.

తెలుగు బోధించువారికి ఈ పద్ధతి క్రొత్తదిగ తోపదు. ఒక కావ్యమునకు పది తాళపత్రప్రతులు లభించినపుడు పరిష్కర్త ఏమి చేయును? వానిని ప్రక్కప్రక్కన పెట్టి పాఠాంతరములను గుర్తించును. ఒకే తప్పు రెండు ప్రతులలో కన్పించిన అవి ఒకే మాతృకనుండి వచ్చినవని ఊహించును. మచిలీబందరునందును కొలువుచేసిన సి.పి. బ్రౌను వేమన పద్యములకు ఊరూరినుండి ప్రతులు తెప్పించి పోల్చి చూచిన పద్ధతియే ఇది. ప్రకృతియు ఒక లేఖకుడే. కోట్ల సంవత్సరములుగ ఒకే వాక్యమును ప్రతిలిఖించుచు, అక్కడక్కడ ఒక అక్షరము తారుమారు చేయుచున్నది. ఆ తారుమారులే వంశవృక్షమును చెప్పును.

క్రొత్తజీవియొక్క 16ఎస్ జన్యువు ఇదివరకు తెలిసిన ఏ జీవితోను నూటికి 98.7 పాళ్లకు మించి కలియనిచో అది క్రొత్తజాతియని సాధారణముగ నెంచవచ్చును. అంతకు మించి కలిసినచో సంపూర్ణ వంశలిపిని పోల్చవలెను. అచట 95, 96 పాళ్లు సరిహద్దు. ఇందొక చమత్కారము కలదు. ఆ జన్యువును చదువుటకు ముందు పి.సి.ఆర్. చేత పెంచవలెను, పి.సి.ఆర్. నకు టాక్ కావలెను. అనగా ఒక ఉష్ణగుండమునుండి వచ్చిన జీవియే, ఇతర గుండములలోని తన జ్ఞాతులను గుర్తించుటకు మనకు సాధనమైనది.

పరీక్షలు ముగిసిన పిమ్మట దాని విత్తును రెండు వేరువేరు దేశములలోని భాండాగారములందు నిలువచేయింపవలెను. మన దేశమున చండీగఢ్ లోని సూక్ష్మజీవ సాంకేతిక సంస్థయందు అట్టి భాండాగారము కలదు. తరువాత అంతర్జాతీయ నియమావళి ననుసరించి పేరును ప్రకటింపవలెను. అపుడు గాని ఆ జీవికి లోకమున ఉనికి లభింపదు. ప్రయోగశాలలో పెరుగని జీవులు ఇంకను ఎన్నియో కలవు. వాని వంశలిపిని నీటినుండి నేరుగ చదివి ఉనికిని గుర్తించు మార్గము ఇటీవల బలపడినది. వంశలిపి యాధారముగనే పేరుపెట్టుటకు 2022లో ప్రత్యేకమైన నియమావళియు ఏర్పడినది.

పేరులో పెన్నిధి

నామకరణమున భాషాభిమానికి కొంత వినోదము కలదు. పేరు లాటిను వ్యాకరణమునకు ఒదుగవలెను. ఊరిపేరు చివర "ఎన్సిస్" అను ప్రత్యయము చేర్చిన "ఆ ఊరికి సంబంధించినది" అని యర్థము. మనము బందరునుండి బందరీయము, ఆంధ్రమునుండి ఆంధ్రీయము అనునట్లే. మణికరణ్ గుండమున ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు చెందిన రూప్ లాల్ బృందము కనుగొన్న జీవికి పార్వతీనది పేర థర్మస్ పార్వతియెన్సిస్ అని 2015లో నామమిడిరి. ఇది ఎల్లోస్టోను జీవికి స్వయముగ జ్ఞాతి. జార్ఖండులోని సూర్యకుండమునందు లభించినది అనాక్సీబాసిల్లస్ సూర్యకుండెన్సిస్, 2013 నాటిది. మేఘాలయలోని వేడియూటయందు లభించినది కాల్డిమోనస్ మేఘాలయెన్సిస్.

తెలుగు ఊళ్లపేర్లును ఈ జాబితాయందు చేరియున్నవి. హైదరాబాదు విశ్వవిద్యాలయమునందలి సి.హెచ్. వెంకటరమణయు, జవహర్లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునందలి సి.హెచ్. శశికళయు తమ విద్యార్థులతో తూర్పుతీరమునందలి నీటిని, బురదను శోధించి, వెలుగుతో బ్రతుకు బాక్టీరియాలను పెక్కింటిని కనుగొనిరి. థయోరోడోకోకస్ కాకినాడెన్సిస్, మారిక్రొమేషియమ్ భీమ్లికమ్, రోడోవులమ్ విశాఖపట్నమెన్స్ అను పేర్లు 2007 ప్రాంతమున ఇట్లు పుట్టినవే. ఇవి ఉష్ణప్రియములు కావు; కాని వెదకినచో మన యింటి ముంగిటను క్రొత్తజీవులు కలవనుటకు సాక్ష్యములు. హైదరాబాదునుండి 2005లో ఎగురవేసిన బెలూను ఆకాశమున 20 మొదలు 41 కిలోమీటర్ల ఎత్తున పట్టితెచ్చిన గాలిలో, హైదరాబాదునందలి కణ అణు జీవశాస్త్ర కేంద్రము, పుణెలోని జీవకణ కేంద్రము కలిసి మూడు క్రొత్త బాక్టీరియాలను గుర్తించి 2009లో ప్రకటించినవి. అందొకటి ఆర్యభటుని పేర వెలసినది.

మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరను కూడ ఒక సూక్ష్మజీవి ప్రజాతి కలదు. 1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని పేరిడిరి. ఆయన పరిశోధనాధిపతిగ నున్న సంస్థయే మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను దివ్యౌషధమును లోకమునకిచ్చెను. శిలావిగ్రహము వానకు నానును. ఈ నామము జీవశాస్త్రమున్నంతకాలము నిలుచును.

గడ్డివామిలోని గుండము

వేడియూటలేని మన డెల్టాలో ఈ జీవులను చూచు భాగ్యము లేదని నిరాశపడనక్కరలేదు. పదును ఆరని వరిగడ్డిని వామి వేయగూడదని మన రైతులు తరతరములుగ ఎరుగుదురు. వేసినచో లోపల ఆవిరిలేచును. ఒక్కొక్కసారి వామి తనంతట అంటుకొనును. దీనికి హేతువు సూక్ష్మజీవులే. తడిగడ్డిలో మొదట మధ్యమజీవులు పెరిగి వేడిని 40, 45 డిగ్రీలకు తెచ్చును. ఆ వేడికి అవి నశింపగా, అంతవరకు నిద్రించియున్న ఉష్ణప్రియ జీవులు మేల్కొని 60, 70 డిగ్రీలకు పెంచును. ఆపైన రసాయన చర్యలు తోడై నిప్పు పుట్టును. పెంటకుప్పయందును ఇదే నాటకము. అచట అది మనకు మేలు చేయును. ఆ వేడికి కలుపుగింజలు, రోగక్రిములు చచ్చి ఎరువు శుద్ధమగును. ఒక్క జాగ్రత్త మాత్రము చెప్పవలసియున్నది. మ్రగ్గిన గడ్డి విప్పునపుడు లేచు ధూళిలో ఉష్ణప్రియ జీవుల బీజములు మెండు. వానిని ఏండ్లతరబడి పీల్చినవారికి ఊపిరితిత్తులు వాచు వ్యాధి కలుగును. మూతికి గుడ్డ కట్టుకొనుట మేలు.

బందరు కలంకారీకి ప్రసిద్ధినిచ్చిన నీలిరంగునకును ఈ కథతో చుట్టరికము కలదు. నీలిమందు నీటిలో కరగదు. తగిరిస గింజల కషాయము, సున్నము మొదలగువానితో తొట్టిని పులియబెట్టినపుడు అందలి బాక్టీరియాలు దానిని కరగురూపమునకు మార్చును. గుడ్డ పీల్చుకొని గాలి తగిలినంతనే మరల నీలమగును. ఐరోపాలోను ఇట్టి తొట్లు వెచ్చగ నుంచి వాడుచుండిరి. ఆ ప్రాచీన పద్ధతిని మరల ఆచరించి చూచిన శాస్త్రజ్ఞులు, సుమారు 50 డిగ్రీల వేడి తొట్టిలో నీలిని కరగించు ఒక క్రొత్త ఉష్ణప్రియ బాక్టీరియమును కనుగొని 1999లో క్లాస్ట్రీడియమ్ ఐసాటిడిస్ అని పేరిడిరి. అద్దకపువారు శతాబ్దములుగ కొలువుపెట్టుకొన్న సేవకునికి నామకరణము అప్పటికి గాని జరుగలేదు. మన తీరపు నీలితొట్లను ఇంత శ్రద్ధతో శోధింపవలసిన పని మిగిలియున్నది.

థర్మస్ అక్వాటికస్ కూడ ఇండ్లలోని వేడినీటి తొట్టెలయందు లభించినది. దానికి అడవి గుండమైనను, స్నానాల గదియైనను సమానమే.

ఎవరి సొత్తు?

ఇక విచారింపవలసిన విషయమొకటి మిగిలినది. 1991లో పి.సి.ఆర్. హక్కులు 30 కోట్ల డాలర్లకు ఒక ఔషధసంస్థకు అమ్ముడుపోయినవి. ఆ జీవిని ప్రసవించిన ఎల్లోస్టోను ఉద్యానమునకు ఒక్క డాలరైనను రాలేదు. ఈ అనుభవమువలన మేల్కొని ఆ ఉద్యానము 1997లో ఒక సంస్థతో లాభములో పాలుపంచుకొను ఒప్పందము చేసికొనెను.

మన దేశము 2002లో జీవవైవిధ్య చట్టమును చేసినది. వృక్షములు, జంతువులు మాత్రమే గాక సూక్ష్మజీవులును ఆ చట్టమునకు లోబడిన సంపదయే. చెన్నపట్టణమున జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ 2003లో వెలసినది. 2010లో జపానునందలి నగోయాలో లాభముల పంపకమునకై అంతర్జాతీయ ఒడంబడిక కుదిరినది. దాని పిమ్మటి మహాసభ 2012లో మన హైదరాబాదులోనే జరిగినది. చట్టము ప్రకారము గ్రామగ్రామమున జీవవైవిధ్య సంఘము ఏర్పడి, తమ పరిసరముల జీవసంపదను ప్రజా పట్టికయందు నమోదు చేయవలెను.

చట్టము వ్రాయుట ఒక పని. ఎరుక కలిగియుండుట మరియొక పని. తన ఊరి గుండములో ఏమున్నదో ఎరుగనివాడు దానిని రక్షింపలేడు, పోయినచో పోయినదనియు తెలిసికొనలేడు. ఉష్ణగుండము సున్నితమైనది. చుట్టును సిమెంటు గట్టి, సబ్బునీరు కలియనిచ్చి, ఊటను మళ్లించినచో, వేల సంవత్సరములుగ అందు నెలకొన్న జీవసంఘము చెదరిపోవును. చెట్టును కొట్టినచో మోడైనను మిగులును. ఈ జీవులు పోయిన జాడయు మిగులదు. గుండములను పుణ్యతీర్థములుగ భావించి మన పెద్దలు వానిని కాపాడిరి. ఆ భక్తికి విజ్ఞానము తోడుకావలసియున్నది.

ఉపాధ్యాయులకు ఒక మనవి

ఈ విషయమున పాఠశాలలు చేయదగిన పని కొంత కలదు. పాఠశాల తోటలో ఆకులు, పేడ, గడ్డి కలిపి ఒక ఎరువుకుప్ప వేయించి, పొడవాటి ఉష్ణమాపకముతో పిల్లలచేత దినదినము లోపలి వేడిని కొలిపించి గ్రాఫు గీయించినచో, జీవుల తరగతులు ఒకదాని వెంట ఒకటి వచ్చి పోవుట గీతలో కన్పించును. అందుకు ప్రయోగశాల అక్కరలేదు. భద్రాచలయాత్రకు పోవు విద్యార్థుల బృందము గుండాలయందు ఇసుక త్రవ్వి స్నానముచేసి వచ్చుటతో తృప్తిపడక, నీటి వేడి యెంత, రాళ్లపై నాచు ఏ రంగు, ఊటనుండి దూరమైనకొలది రంగు ఎట్లు మారినదియని వ్రాసికొని రావచ్చును. మరగు ఊటలున్నచోట పిల్లలను గట్టునకు దూరముగ నుంచుట ఉపాధ్యాయుని బాధ్యత.

తెలుగు ఉపాధ్యాయునికిని ఇందు పాలు కలదు. థర్మోఫైలు అన్నచో బెదరు బాలుడు ఉష్ణప్రియజీవి యన్నచో చెవియొగ్గును. మాట అర్థమైననాడు ప్రశ్న పుట్టును. ఫ్రీజ్ బ్రాకు వెంట నడచిననాడు అతడు పరిశోధకుడు కాడు, విద్యార్థి. అట్టి విద్యార్థులు బందరు, గుడివాడ, అవనిగడ్డ కళాశాలలలో నేడును కూర్చొనియున్నారు. గోదావరి యిసుకలోని వేడినీరు ఎప్పటివలెనే ఊరుచున్నది. త్రవ్వి చూచువారి కొరకు అది వేచియున్నది.